టోక్యోలో పోయిన గొడుగు

మా బాబాయికి తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లేచిన పావుగంటకి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పడుతుంది. వారానికి రెండుసార్లయినా అది జపాన్ గురించే. తరగతి గది తుడుచుకుంటున్న బడిపిల్లలు, ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక నీలం సంచులు పట్టుకుని స్టేడియంలో చెత్త ఏరుతున్న అభిమానులు, రైలు ముందుగా కదిలినందుకు క్షమాపణ చెప్పిన కంపెనీ. కింద ఎప్పుడూ ఒకటే వాక్యం: "సంస్కారం అంటే ఇదీ. మనం ఎప్పటికి నేర్చుకుంటామో!"

నేను టోక్యోలో ఏడేళ్ళున్నాను. ఆ ఫార్వర్డుల్లో చాలావరకు అబద్ధాలు కావు. 2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి నిజంగానే 20 సెకన్లు ముందు కదిలింది, వాళ్ళు నిజంగానే క్షమాపణ చెప్పారు. నా పేచీ అంతా ఆ చివరి వాక్యంతో. సంస్కారం అనేశామంటే అదేదో వాళ్ళ రక్తంలో ఉన్నట్టు, అక్కడి నీళ్ళలో ఉన్నట్టు అయిపోతుంది. వాళ్ళకుంది, మనకి లేదు, అంతే సంగతులు. ఇక ఫార్వర్డ్ చేయడం తప్ప ఎవరూ చేయగలిగిందేమీ ఉండదు.

నేను చూసినంతలో అక్కడి వింతల వెనక ఉన్నవి ఏర్పాట్లు. ఎవరో, ఏదో తలనొప్పి భరించలేక, ఫలానా ఏడాదిలో పెట్టుకున్నవి. ప్రతిదానికీ ఒక ఖర్చుంటుంది, ఆ ఖర్చు ఎవరో ఒకరు కడుతూనే ఉంటారు. ఇలా చూడటం మొదలుపెట్టాక జపాన్ మీద నాకున్న ఇష్టం తగ్గలేదు. బాబాయి చూపించే దేశం కంటే నేనున్న దేశం ఇంకా బాగుందనిపించింది.

ముందు చెత్త సంగతి.

నేనుండింది నిషికసాయ్‌లో, ఒక సన్నటి వీధిలో, రెండంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో. వారానికి రెండు రోజులు కాలే చెత్త, ఒక రోజు ప్లాస్టిక్, ఒక రోజు సీసాలూ డబ్బాలూ కాగితాలూ, కాలని చెత్త నెలకి రెండుసార్లు. పొద్దున్న ఎనిమిదింటిలోపు తెచ్చి వీధి మూల పెట్టాలి, కాకులు చింపకుండా మీద వల కప్పాలి. చేరిన రెండో వారంలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలకి మూతలు తీయకుండా పెట్టేశాను. మూత, లేబులు వేరే రోజు చెత్త, సీసా వేరే రోజు చెత్త. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా సంచి ఒక్కటే అక్కడ మిగిలి ఉంది, మీద ఎర్ర స్టిక్కర్‌తో. చూసీ చూడనట్టు లోపలికి పోయాను. ఐదు నిమిషాలకి తలుపు చప్పుడు. పక్కింటి ముసలావిడ ఆ సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "సుమిమాసెన్, సుమిమాసెన్" అంటూ నాలుగుసార్లు వంగింది. తప్పు నాది, క్షమాపణ ఆవిడది! ఆవిడ తిట్టినా నాకంత సిగ్గేసేది కాదు.

ఇది సంస్కారమే కదా అంటారేమో. ఆగండి. ఆవిడ ఎందుకొచ్చిందో నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. ఆ చెత్త మూలని శుభ్రంగా ఉంచే పని మా వీధిలో ఇంటింటికీ వంతు. దాన్ని 'తోబాన్' అంటారు. ఆ వారం వంతు ఆవిడది. నా సంచి అక్కడే ఉంటే కాకులు చింపేది ఆవిడ వంతులో, తుడవాల్సింది ఆవిడ, మాట పడాల్సిందీ ఆవిడే. కొన్ని వారాలకి తోబాన్ పలక నా గుమ్మానికి తగిలించారు. ఆ వారమంతా పొద్దున్నే లేచి ఎవరి సంచిలో ఏముందో నేను కూడా ఓరకంటితో చూశాను. నా సంస్కారం ఏమీ పెరగలేదు, వంతొచ్చిందంతే.

పోనీ ఇది అనాదిగా ఉందా అంటే అదీ లేదు. మా ఇంటి నుంచి అరకావా నది దాటి సైకిలు మీద అరగంట తొక్కితే యుమెనోషిమా అని ఒక పార్కు వస్తుంది. పేరుకి అర్థం 'కలల దీవి'. ఆ దీవి మొత్తం టోక్యో చెత్తే. 1950ల చివర్నుంచి నగరం తన చెత్తనంతా తెచ్చి సముద్రంలో అక్కడ పోసింది. 1965 వేసవిలో అక్కడ పుట్టిన ఈగలు దండుగా లేచి చుట్టుపక్కల ఇళ్ళ మీద పడ్డాయి. అన్నం తినడానికి లేదు, బళ్ళు నడపడానికి లేదు. ఆఖరికి చెత్తకుప్పలకి నిప్పు పెట్టి ఈగల్ని కాల్చాల్సి వచ్చింది. ఆ చెత్త లారీలన్నీ వెళ్ళేది కోతో అనే వార్డు మీదుగా. మేమే ఎందుకు భరించాలని వాళ్ళు తిరగబడ్డారు. 1971లో టోక్యో గవర్నర్ మినోబె ఏకంగా 'చెత్త యుద్ధం' ప్రకటించాడు, ఎవరి వార్డులో చెత్త వాళ్ళే కాల్చుకునే ప్లాంట్లు కట్టాలన్నాడు. సుగినామి అనే కలవారి వార్డు వాళ్ళు మా దగ్గర వద్దంటే వద్దన్నారు. 1973లో కోతో వాళ్ళు రోడ్డు మీద అడ్డంగా నిలబడి, సుగినామి నుంచి వచ్చిన లారీల్ని మాత్రం ఏరి వెనక్కి పంపారు. సుగినామి వీధుల్లో చెత్త పేరుకుపోయింది. చివరికి అక్కడా ప్లాంటు కట్టక తప్పలేదు.

ఇవాళ ఇకెబుకురో స్టేషన్ పక్కనే, నగరం నడిబొడ్డున, చెత్త కాల్చే ప్లాంటుకి 210 మీటర్ల చిమ్నీ ఉంటుంది. పక్కనే ఈతకొలను. యుమెనోషిమాలో కూడా పెద్ద అద్దాల మందిరం కట్టి, పక్క ప్లాంటులో చెత్త కాలిన వేడితో అరటి చెట్లూ కొబ్బరి జాతి చెట్లూ పెంచుతారు. నేను జనవరి చలిలో అక్కడికి వెళ్ళి కళ్ళద్దాల మీద ఆవిరి తుడుచుకుంటూ అరటాకులు చూస్తూ కూర్చునేదాన్ని, ఇంటి మీద బెంగ తగ్గడానికి. బాబాయి ఫార్వర్డుల్లో ఈ ఈగలుండవు, అడ్డగించిన లారీలుండవు. మన దగ్గర డంపింగ్ యార్డు చుట్టూ ఉన్న కాలనీల వాళ్ళు ధర్నా చేస్తే వీళ్ళింతే అంటాం. కోతో వాళ్ళు చేసిందీ ధర్నాయే.

ఇంకో మాట. టోక్యో వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనపడవు. చేతిలో రేపరు పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచిన కొత్తవాళ్ళు చివరికి దాన్ని బ్యాగులో వేసుకుని, ఎంత క్రమశిక్షణ అని మురిసిపోతారు. 1995 మార్చి 20న ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా టోక్యో మెట్రో రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలింది. ఆ భయంతో స్టేషన్లలో, వీధుల్లో బుట్టలు తీసేశారు. చాలాచోట్ల మళ్ళీ పెట్టలేదు. అదే జనం హాలోవీన్ రాత్రి షిబుయాలో చేరితే? ఎవరి వంతూ కాని వీధి, ఎవరికి ఎవరూ తెలియని గుంపు. తెల్లారేసరికి సీసాలూ డబ్బాలూ మోకాలి లోతు. 2018లో ఒక చిన్న ట్రక్కునే తిరగేశారు. మరుసటి ఏడాది వార్డు వాళ్ళు ఆ రోజుల్లో రోడ్డు మీద తాగడం నిషేధించారు, 2023లోనైతే మేయరు దయచేసి షిబుయాకి రావద్దని బతిమాలాడు. స్టేడియంలో చెత్త ఏరినవాళ్ళూ ఈ దేశం వాళ్ళే.

టైము విషయమూ ఇలాంటిదే. 1850ల చివర్లో నాగసాకిలో నౌకాదళానికి శిక్షణ ఇవ్వడానికి కట్టెన్‌డైకె అనే డచ్చి అధికారి వచ్చాడు. జపాన్ వాళ్ళు ఎంత నిదానమో, చెప్పిన వేళకి ఒక్క పనీ కాదని ఆయన తల బాదుకుంటూ రాసుకున్నాడు. అప్పటికి వాళ్ళ గంటలే వేరు. పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకే దాకా ఆరు భాగాలు, కుంకినప్పటి నుంచి పొడిచే దాకా ఆరు భాగాలు. వేసవిలో పగటి గంట పొడుగు, చలికాలంలో పొట్టి. మన ఘడియలూ జాములూ తెలిసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. 1872లో రైలొచ్చింది, 1873లో కొత్త క్యాలెండరూ కొత్త గంటలూ వచ్చాయి. అయినా జనానికి అలవాటు కాలేదు. 1920లో జూన్ 10ని 'సమయ దినం'గా పెట్టి, వేళకి రండర్రా అని ఊరూరా చెప్పుకోవాల్సి వచ్చింది. మా అమ్మ రిటైర్డు టీచరు. ఈ సంగతి చెబితే, "దినోత్సవం పెట్టారంటే ఆ గుణం లేదనే అర్థం. ఉన్నదానికి దినోత్సవం ఎందుకు?" అంది.

ఆ అలవాటు ఎలా చేశారన్నది చూడముచ్చటగా ఉంటుంది. రైలు డ్రైవరు ప్రతి సిగ్నల్‌నీ తెల్ల గ్లవ్స్ వేసుకున్న వేలితో చూపిస్తూ పైకి చదువుతాడు. క్యాబిన్ వెనక అద్దం దగ్గర నిలబడి ఆ ఒంటరి నాటకం చూడటం నాకు సినిమా చూసినంత సరదా. పిచ్చిలా కనిపిస్తుంది గానీ, కన్ను, చెయ్యి, నోరు కలిసి ఒకే పని చేస్తే పొరపాట్లు బాగా తగ్గుతాయని పరీక్షించి చూసి పెట్టుకున్నదే. టోక్యో స్టేషన్‌లో షింకన్సెన్ అనే బుల్లెట్ రైలు మళ్ళీ బయల్దేరేలోపు శుభ్రం చేసేవాళ్ళకి ఏడు నిమిషాలు దొరుకుతుంది. సీట్లన్నీ తిప్పి, తుడిచి, దిగి, వరసగా నిలబడి ప్రయాణికులకి వంగి నమస్కరిస్తారు. రైలు ఆలస్యమైతే స్టేషన్లో చీటీ ఇస్తారు, ఆఫీసులో చూపించుకోవడానికి. అంటే ఐదు నిమిషాల ఆలస్యానికి కూడా సంజాయిషీ చెప్పుకోవాలని అర్థం. మురిసిపోయే ముందు ఆ చీటీ వెనక ఉన్న భయాన్ని కూడా చూడాలి.

2005 ఏప్రిల్ 25న ఒసాకా దగ్గర అమగసాకిలో, 23 ఏళ్ళ డ్రైవరు ఒక స్టేషన్లో రైలుని ప్లాట్‌ఫారం దాటించి, వెనక్కి తెచ్చి, ఒకటిన్నర నిమిషం వెనకబడ్డాడు. ఆ కాస్తా కలుపుకుందామని, 70 కిలోమీటర్ల వేగంతో తిరగాల్సిన మలుపులో 116తో వెళ్ళాడు. రైలు పట్టాలు తప్పి ఒక అపార్ట్‌మెంట్‌లోకి దూసుకుపోయింది. అతనితో కలిపి 107 మంది చనిపోయారు. ఆలస్యం చేసిన డ్రైవర్లకి 'శిక్షణ' పేరుతో రోజుల తరబడి సంజాయిషీలు రాయించడం, అవమానించడం అక్కడ ఉండేదని తర్వాత బయటపడింది. 20 సెకన్ల క్షమాపణ మీద ఫార్వర్డులు బోలెడు. ఈ 90 సెకన్ల మీద ఒక్కటీ నాకు రాలేదు.

బరువైపోయింది. అమ్మ వచ్చినప్పటి సంగతులు చెబుతాను.

ఏప్రిల్ చివర్లో వచ్చి మూడు నెలలుంది. రాకముందు నేను ఒక ఇంగ్లీషు గైడు పుస్తకం చూసి 'జపాన్‌లో వింతలు' అని జాబితా తయారుచేసి ఆవిడకి ఫోన్లో చదివి వినిపించాను. గుమ్మంలో చెప్పులు విప్పాలి. "మరి ఇంట్లోకి చెప్పులతో ఎవరు వస్తారే?" టాయిలెట్లో నీళ్ళు వాటంతటవే వస్తాయి. "కాగితం కంటే నయమేగా." పేరు చివర 'సాన్' అనకపోతే మర్యాద కాదు. "గారు అనమంటావు, అంతేగా." వాళ్ళు వద్దు అన్న మాట నేరుగా అనరు, 'చోత్తో...' అని సాగదీస్తారు, లేకపోతే 'పరిశీలిస్తాం' అంటారు. "మీ నాన్న సంబంధాల వాళ్ళకి 'చూద్దాంలెండి' అన్నట్టు." జాబితా అలా కొట్టుకుపోయింది. జపాన్ వింతలు మనకి చాలావరకు ఇంగ్లీషువాళ్ళ కళ్ళద్దాల్లోంచి అందుతున్నాయని నాకప్పుడే తట్టింది. వాళ్ళు బూట్లతో పడకగది దాకా వెళ్ళేవాళ్ళు కాబట్టి వాళ్ళకది వింత. మనం వాళ్ళ ఆశ్చర్యాన్ని అరువు తెచ్చుకుని ఆశ్చర్యపడుతున్నాం.

అమ్మకి నిజంగా వింతనిపించినవి వేరు. ఇంట్లో తొట్టినిండా వేణ్ణీళ్ళు పెట్టుకుని కుటుంబంలో అందరూ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్ళలో దిగుతారని తెలిసి, "ఛీ, ఎంగిలి నీళ్ళు" అంది. బయట కూర్చుని ఒళ్ళంతా రుద్ది కడుక్కున్నాకే దిగాలి, తొట్టి మురికి వదిలించుకోవడానికి కాదు, నానడానికి అని వివరించాను. కాసేపు ఆలోచించి, "మడి కట్టుకుని దిగుతారన్నమాట. అలా చెప్పొచ్చుగా" అంది. నేను చదివిన ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు.

పచ్చిగుడ్డు వేడన్నంలో కలుపుకు తినడం ఆవిడకి ఎప్పటికీ మింగుడు పడలేదు. అదీ ఏర్పాటే. గుడ్లు కడిగి, పచ్చిగా తినడానికి ఏ రోజు వరకు పనికొస్తాయో లెక్కకట్టి డబ్బా మీద తేదీ వేస్తారు. నత్తో అనే పులిసిన సోయాగింజల్ని పుల్లలతో పైకెత్తితే తీగలు తీగలుగా సాగాయి. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళి కిటికీ తెరిచింది.

ఇళ్ళ నంబర్లు మాత్రం ఇద్దరికీ నవ్వు తెప్పించాయి. చాలా వీధులకి పేర్లుండవు. పేటకో నంబరు, అందులో ప్రతి బ్లాకుకో నంబరు, బ్లాకులో ఇంటికో నంబరు. పాతచోట్ల ఆ ఇంటి నంబరు కట్టిన వరసలో ఉంటుంది కాబట్టి మూడు పక్కన పదకొండు. హైదరాబాద్ పాత డోర్ నంబర్లు చదివి ఇల్లు పట్టుకున్నవాళ్ళకి ఇదో లెక్కా?

భాష దగ్గర మాత్రం అమ్మ నన్ను నిలబెట్టి పాఠం చెప్పింది. చంటిపిల్లల అక్షరాల పట్టిక ఒకటి వంటింట్లో అంటించుకున్నాను. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. అమ్మ చీపురు చేత్తో పట్టుకుని చదువుతూ ఆగిపోయింది. "ఇది మన వర్ణమాలే. కానీ నకీ మకీ మధ్య హ ఎందుకుంది? అక్కడ ప ఉండాలి." నలభై ఏళ్ళు అఆలు దిద్దించిన మనిషి! ఆ వరస బౌద్ధం వెంట వెళ్ళిన సంస్కృత వర్ణక్రమాన్ని చూసి పెట్టుకున్నదే. ఇప్పటి జపాను 'హ' ఒకప్పుడు 'ప'గా పలికేదని భాషాశాస్త్రం చెబుతుంది. ధ్వని మారిపోయింది, కుర్చీ మాత్రం పాతచోటే ఉంది. నాకు మూడేళ్ళ తర్వాత ఒక క్లాసులో తెలిసిన విషయం ఆవిడకి చీపురు చేతిలో ఉండగానే తట్టింది.

వాక్యం కట్టే తీరు కూడా మనదే. క్రియ చివర్న. 'నుంచి', 'లో', 'కి' లాంటివి పేరు వెనక. 'తాబెతె మిరు' అంటే 'తిని చూడటం', మాటకి మాట. 'తాబెతె షిమత్త' అంటే 'తినేశాను', ఆ 'ఏశాను'లో ఉండే అయ్యో కూడా అందులో ఉంది. ఇంగ్లీషులోంచి జపనీస్ నేర్చుకుంటూ నేను ఆరు నెలలు ఏడ్చాను. తెలుగులోంచి వెళ్ళడం మొదలుపెట్టాక దారి సగమైంది. (భాషావేత్త సుసుము ఓనో ద్రావిడ భాషలకీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని వాదించాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. నాకు చుట్టరికంతో పని లేదు, పొరుగింటి పోలిక చాలు.) జంటపదాలయితే చెప్పనక్కర్లేదు. మిలమిలకి కిరాకిరా, తళతళకి పికాపికా, గుండె దడదడకి దోకిదోకి. ఇంగ్లీషు వ్యాసాల్లో వీటిని మహా విడ్డూరంగా రాస్తారు. మనకి గలగలా జలజలా లేకుండా పూట గడుస్తుందా? ఒక్కటి మాత్రం మనల్ని మించిపోయారు: నిశ్శబ్దానికి కూడా ఒక చప్పుడు పెట్టుకున్నారు, 'షీన్' అని.

అన్నిటికంటే అమ్మకి నచ్చింది 'ఇత్తెకిమాసు'. ఇంట్లోంచి బయటికి వెళ్ళేవాళ్ళు అనే మాట. ఇత్తె అంటే వెళ్ళి, కిమాసు అంటే వస్తాను. వెళ్ళొస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళు 'ఇత్తెరషాయ్' అంటారు, వెళ్ళి రండి. వెళ్తున్నాను అని మాత్రం అని గడప దాటితే మా అమ్మమ్మ వెనక్కి పిలిచేది. ఆవిడ టోక్యోలో పుట్టినా ఇబ్బంది పడేది కాదు.

పక్కింటి ముసలావిడకీ అమ్మకీ దోస్తీ కుదిరింది ఉమెబోషి వల్ల. జూన్‌లో ఉమె కాయలొస్తాయి, రేగుపండుకీ నేరేడుకీ మధ్య రకం పులుపు. వాటిని ఉప్పులో ఊరేసి, ఎర్ర షిసో ఆకు వేసి, వానలు తగ్గాక వెదురు తట్టల మీద మూడు రోజులు ఎండబెడతారు. ఆ తట్ట చూడగానే అమ్మ ముఖం వెలిగింది. ఇద్దరికీ ఒక్క భాష కూడా కలవదు. ఉప్పు ఎంత, ఎండ ఎన్నాళ్ళు, రాత్రిపూట లోపల పెట్టాలా అన్నవన్నీ చేతులతోనే మాట్లాడుకున్నారు. మాగాయ ముక్క ఒకటి ఆవిడ నోట్లో పెట్టింది అమ్మ. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆవిడ "ఒయిషీ", అంటే చాలా రుచిగా ఉంది, అని వంగింది. అది మర్యాదో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ మర్నాడు చిన్న గిన్నె పట్టుకుని మళ్ళీ వచ్చింది.

ఆవిడ పొద్దున్నే చదివే ప్రార్థన మా పల్చటి గోడలోంచి వినపడేది. 13వ శతాబ్దంలో షిన్రాన్ అనే బౌద్ధ గురువు రాసిన 'షోషిన్‌గె'. ఒకరోజు ఆవిడ అమ్మని చూపించి "నాన్‌తెన్‌జికు, నాన్‌తెన్‌జికు" అంటూ నవ్వింది. దక్షిణ భారతం అని అర్థం. దక్షిణ భారతంలో 'ర్యూజు' పుడతాడని బుద్ధుడు చెప్పాడని ఆ ప్రార్థనలో ఒక వరస ఉంది. ర్యూజు అంటే నాగార్జునుడు. మా అమ్మ చాలాకాలం పనిచేసింది మాచర్లలో, నాగార్జునకొండకి దగ్గర్లో. ఫోన్‌లో మ్యాపు తెరిచి, ఇదిగో ఇక్కడి నుంచి వచ్చింది మా అమ్మ అని చూపించాను. ఆవిడ చేతులు జోడించింది. అమ్మ కంగారుపడి, "నాకెందుకు దణ్ణం, నేను ఎనిమిదో తరగతి సోషల్ చెప్పాను అంతే" అంది. నేను దాన్ని తర్జుమా చేయలేదు.

ఇన్ని సంబరాలు చెప్పాక ఖర్చు లెక్క కూడా చెప్పకపోతే నేనూ బాబాయిలాగే అవుతాను. విందుకి వెళ్ళినవాళ్ళకి అంట్లు తోమే పని ఉండదు. పర్యాటకులకీ నాలాంటి కొన్నేళ్ళ మనుషులకీ జపాన్ అలాంటి విందే. తప్పు చేస్తే 'పాపం, పరాయిదేశం మనిషి' అని వదిలేస్తారు. నా టీంలో జపాన్ అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు. అందరికంటే ముందు వెళ్ళిపోవడం మొహమాటమై, పని లేకపోయినా రాత్రి తొమ్మిదింటి దాకా తెర వైపు చూస్తూ కూర్చునేది. పనిచేసి చేసి చచ్చిపోవడానికి వాళ్ళ భాషలో ఒక మాటే ఉంది, 'కరోషి'. ఓవర్‌టైముకి చట్టంలో శిక్షతో కూడిన హద్దు 2019లో గానీ రాలేదు. అక్కడ అమ్మే ఫోన్లలో ఫోటో తీస్తే శబ్దం ఆపడానికి వీలుండదు. రైళ్ళలో ఆడవాళ్ళని దొంగచాటుగా ఫోటోలు తీసేవాళ్ళున్నారు కాబట్టి. ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉన్నదీ అలాంటి కారణానికే. నిశ్శబ్దంగా ఉండే రైలు అందరికీ ఒకేలా నిశ్శబ్దం కాదు.

వదిలేస్తారన్నానే, ఇల్లు వెతుక్కునేటప్పుడు మాత్రం వదలరు. విదేశీయులకి ఇవ్వరట అని ఏజెంటు ఎంతో మర్యాదగా, ఎన్నోసార్లు వంగి నాలుగిళ్ళ దగ్గర చెప్పాడు. నిషికసాయ్‌లో ఇండియన్లు ఇంతమంది ఎందుకు చేరారని అడిగితే, అరకావా నది చూస్తే మన నదులు గుర్తొస్తాయని కవిత్వం చెబుతారు. తోజాయ్ లైన్ ఎక్కితే ఆఫీసులుండే ఓతెమాచికి నేరుగా పోవచ్చు, సరే. అక్కడున్న యూఆర్ అనే ప్రభుత్వరంగ సంస్థ ఫ్లాట్లకి హామీదారు అక్కర్లేదు, 'రేకిన్' అక్కర్లేదు. రేకిన్ అంటే ఇల్లిచ్చినందుకు కృతజ్ఞతగా యజమాని చేతిలో పోసే డబ్బు. అడ్వాన్సు కాదు, తిరిగి రాదు. మన జనం నదిని చూసి రాలేదు, నిబంధనల కాగితం చూసి వచ్చారు.

ఇక గొడుగు.

టోక్యోలో పర్సు పోతే దొరుకుతుందన్నది నిజం. నాది ఒకసారి రైల్లో పోయింది, మూడో రోజు డబ్బుతో సహా చేతికొచ్చింది. మూలమూలకీ కొబాన్ అనే చిన్న పోలీసు గది ఉంటుంది. దొరికింది తెచ్చిచ్చినవాళ్ళకి అందులో 5 నుంచి 20 శాతం దాకా అడిగే హక్కు చట్టంలో ఉంది. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే చాలా వస్తువులు దొరికినవాళ్ళకే చెందుతాయి. తెచ్చివ్వడం తేలిక, ఉంచేసుకోవడం అనవసరం. అమ్మ ఈ కథ విని మురిసిపోయి, అప్పుడే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేసింది. బాబాయి దాన్ని ఎన్ని గ్రూపులకి పంపాడో లెక్కలేదు.

జూన్ చివరి వానల్లో ఒక రోజు పాల కోసమని ఇద్దరం కోన్బినీకి, అంటే వీధి చివరి చిన్న సూపర్ మార్కెట్‌కి, వెళ్ళాం. గుమ్మం బయట గొడుగుల స్టాండులో అమ్మ తన గొడుగు పెట్టింది, నేను కొనిచ్చిన ఐదువందల యెన్ల పారదర్శకం గొడుగు. అలాంటివే అక్కడ ఇంకో ఆరు ఉన్నాయి. పాలు, పెరుగు తీసుకుని, ఓనిగిరి అనే అన్నం ముద్ద పొట్లాన్ని, పైన ఉండే నాచు మెత్తబడకుండా ఎలా చుట్టారో అమ్మకి చూపించి, బయటికొచ్చేసరికి స్టాండులో రెండే గొడుగులున్నాయి. ఒకదానికి ఊచ విరిగింది. రెండోదాని పిడికి ఎవరిదో పేరు రాసి ఉంది. మాది లేదు.

టోక్యోలో కొన్నాళ్ళున్న ఎవరికైనా ఇది తెలుసు. పర్సు తిరిగొస్తుంది, పారదర్శకం గొడుగు రాదు. దాని మీద పేరుండదు, అన్నీ ఒకేలా ఉంటాయి, పోయిందని కొబాన్‌కి పోయే ఓపిక ఎవరికీ ఉండదు. వాన పెద్దదైతే చెయ్యి దానంతటదే దగ్గరున్న గొడుగు మీద పడుతుంది. నాకు చిరాకేసింది. అమ్మ మాత్రం ఖాళీ స్టాండు వైపు కాసేపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అక్కడే, కోన్బినీ చూరు కింద నిలబడి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది: "మరిదిగారూ, ఇక్కడ నా గొడుగు కొట్టేశారు."

నీలం టిక్కులు పడ్డాయి. బాబాయి నుంచి జవాబు రాలేదు. ఆ మెసేజ్‌ని మాత్రం ఆయన ఏ గ్రూపుకీ పంపలేదు. మర్నాడు నాలుగూ నలభై అయిదుకి గ్రూపులో సింగపూర్ రోడ్ల ఫోటో పడింది.